ఒక్క నొక్కుకు ఒక్క తూటా: అమెరికా చట్టంలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కీ మెషిన్ గన్‌కీ మధ్య గీత ఎక్కడ? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఎక్కడ పెద్ద కాల్పులు జరిగినా మర్నాటికి ఇవే సందేహాలు మళ్ళీ వస్తాయి. ఒకే తుపాకీని ఒకరు ఆటోమేటిక్ రైఫిల్ అంటారు, ఒకరు మెషిన్ గన్ అంటారు, ఇంకొకరు అసాల్ట్ వెపన్ అంటారు. మామూలు మాటల్లో ఇది చిన్న పొరపాటే. చట్టంలో మాత్రం ఒక మాటకు దుకాణంలో ఫారం నింపి ఇంటికి తెచ్చుకునే వస్తువు, ఇంకో మాటకు పదేళ్ల జైలు. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పింది ప్రధానంగా ఫెడరల్, అంటే కేంద్ర, చట్టం. రాష్ట్రాల చట్టాలు చాలాచోట్ల ఇంతకంటే కఠినంగా ఉంటాయి. మీ సొంత వ్యవహారమైతే ఆ రాష్ట్రంలోని లాయరును అడగాల్సిందే.

## మాటల దగ్గర వచ్చే సందేహాలు

సెమీ ఆటోమేటిక్ అంటే సగం మెషిన్ గన్ అన్నట్టేనా?

కాదు. తుపాకీ చేసే పనులు రెండు. తూటా పేలినప్పుడు పుట్టిన శక్తిలో కొంత వాడుకుని, ఖాళీ తొడుగును బయటికి విసిరి, కొత్త తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించుకోవడం ఒకటి. ఎక్కించుకున్న తూటాను పేల్చడం రెండోది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మొదటి పని తనంతట తానే చేసుకుంటుంది. రెండో పనికి ప్రతిసారీ మీ వేలు కావాలి. మెషిన్ గన్‌కు ఆ అవసరం లేదు. ట్రిగ్గర్ పట్టి ఉంచితే మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె, ఖాళీ అయ్యేదాకా రెండు పనులూ అదే చేసుకుపోతుంది.

ఫెడరల్ చట్టం సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ఇచ్చిన నిర్వచనంలోనూ ఈ రెండు ముక్కలే ఉన్నాయి: పేలిన తూటా శక్తితో తర్వాతి తూటా ఎక్కాలి, ఒక్కో తూటాకు ట్రిగ్గర్‌ను విడిగా లాగాలి.

చట్టం దృష్టిలో మెషిన్ గన్ అంటే సరిగ్గా ఏమిటి?

1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ నిర్వచనమే, తర్వాతి సవరణలతో, ఇవాళ్టికీ అమల్లో ఉంది. చేత్తో మళ్ళీ నింపకుండా, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఆటోమేటిక్‌గా ఒకటికంటే ఎక్కువ తూటాలు పేల్చే ఆయుధం మెషిన్ గన్. గుండెకాయ లాంటి మాటలు రెండే. ఒకటి "ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేయడం", రెండోది "ఆటోమేటిక్‌గా". తొంభై ఏళ్లుగా కోర్టుల్లో నడిచిన వాదనల్లో ఎక్కువ భాగం ఈ రెండు మాటల చుట్టూనే తిరిగాయి.

అయితే నిర్వచనం అక్కడితో ఆగదు. ఇప్పుడు అలా పేల్చేదే కాదు, అలా పేల్చేందుకు రూపొందించినదీ, పాడైపోయినా సులువుగా బాగుచేసి అలా పేల్చగలిగేదీ మెషిన్ గన్ కిందికే వస్తాయి. అలాంటి ఆయుధపు రిసీవర్, అంటే ప్రధాన భాగాలన్నీ అమరే చట్రం, ఒక్కటి ఉన్నా మెషిన్ గనే. మామూలు తుపాకీని మెషిన్ గన్‌గా మార్చడానికే తయారుచేసిన విడి భాగం కూడా మెషిన్ గనే. ఒక మెషిన్ గన్ కూర్చడానికి చాలినన్ని భాగాలు ఒకే మనిషి అధీనంలో ఉంటే, ఇంకా కూర్చకపోయినా అదీ అంతే. పరుపు కింద తుప్పు పట్టి పడి ఉన్న ఇనుప ముక్క మీద కేసు పెట్టగలగడం ఈ వెడల్పు వల్లే.

మూడు తూటాలు పేల్చి ఆగిపోతే అది కూడా మెషిన్ గనేనా?

అవును. చట్టం అడిగేది ఒక్క నొక్కుకు ఒకటికంటే ఎక్కువ పేలాయా అన్నదే. రెండు పేలినా, మూడు పేలినా, ముప్పై పేలినా తేడా లేదు. అమెరికా సైన్యం వాడిన ఎం16ఏ2లో నిరంతర కాల్పుల బదులు మూడేసి తూటాల అమరిక ఉండేది. చట్టానికి అది పూర్తి స్థాయి మెషిన్ గన్.

ఏఆర్-15లో "ఏఆర్" అంటే అసాల్ట్ రైఫిలేగా?

కాదు, ఆర్మలైట్. 1950ల చివర్లో ఆ తుపాకీని రూపొందించిన సంస్థ పేరులోంచి వచ్చిన అక్షరాలు అవి. 1959లో ఆర్మలైట్ ఆ హక్కులను కోల్ట్ కంపెనీకి అమ్మింది. అక్కణ్ణుంచి రెండు దారులు. సైన్యానికి వెళ్ళింది ఎం16, అందులో మీట తిప్పి ఆటోమేటిక్‌గా కాల్చే సదుపాయం ఉంది. 1960ల నడుమ నుంచి పౌరులకు అమ్మింది ఏఆర్-15, అందులో ఆ సదుపాయం లేదు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, చాలా భాగాలు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి కూడా. కాల్పులను నడిపించే లోపలి అమరిక దగ్గరే రెండూ విడిపోతాయి. చట్టం చూసేది అక్కడే.

అసాల్ట్ రైఫిల్, అసాల్ట్ వెపన్ రెండూ ఒకటి కాదా?

కాదు, ఈ గందరగోళం నిజంగా నష్టం చేస్తోంది. అసాల్ట్ రైఫిల్ సైనిక పదం. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఎస్‌టీజీ 44 తుపాకీ పేరు నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. మధ్యస్థ శక్తి తూటా వాడుతూ, ఒక్కొక్కటిగానూ వరుసగానూ పేల్చగల రైఫిల్ అని దాని అర్థం. అమెరికా చట్టానికి అలాంటిది మెషిన్ గన్.

అసాల్ట్ వెపన్ శాసనాలు పుట్టించిన పదం. అది సాధారణంగా సెమీ ఆటోమేటిక్ తుపాకులకే వర్తిస్తుంది. 1994 నుంచి 2004 దాకా అమల్లో ఉన్న ఫెడరల్ నిషేధం కొన్ని తుపాకులను పేరు పెట్టి చెప్పి, మిగిలినవాటికి లక్షణాల పరీక్ష పెట్టింది. రైఫిల్‌కు ఊడదీయగల మ్యాగజైన్ ఉండి, మడత వెనుకకట్ట (భుజానికి ఆనించే భాగం), పిస్తోలు పిడి, బాయొనెట్ తగిలించే చోటు, మంట కనబడకుండా చేసే గొట్టం, గ్రెనేడ్ లాంచర్ వంటి వాటిలో రెండు ఉంటే నిషిద్ధం. ఒక్క నొక్కుకు ఎన్ని తూటాలన్న ప్రశ్న అందులో లేదు. పదేళ్ల గడువు ముగిశాక అమెరికా చట్టసభ కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు.

నిమిషానికి వందల తూటాలు కాలిస్తే మెషిన్ గన్ అవ్వదా?

వేగం చట్టంలో కొలమానం కాదు. ఎన్ని తూటాలు దాటితే మెషిన్ గన్ అన్న అంకె నిర్వచనంలో ఎక్కడా లేదు. దీనికి పాత గాట్లింగ్ గన్‌కు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. చేత్తో పిడి తిప్పుతుంటే ఎన్నో గొట్టాలు వరుసగా కాలుస్తూ పోయే 19వ శతాబ్దపు ఆయుధం అది. యుద్ధాల్లో భీభత్సం సృష్టించింది. అయినా 1955లోనే ఫెడరల్ ప్రభుత్వం అసలు గాట్లింగ్ గన్ మెషిన్ గన్ కాదని తేల్చింది, ఎందుకంటే తిప్పే చేయి ఆగితే కాల్పులూ ఆగుతాయి. అదే సూత్రం మీద, చేయి బదులు విద్యుత్ మోటారుతో తిరిగే మినీగన్‌ను 2004లో మెషిన్ గన్ అని స్పష్టం చేసింది. అక్కడ మీట నొక్కి ఉంచితే చాలు, తక్కినదంతా యంత్రమే చేస్తుంది.

## చట్టం ఈ రూపానికి ఎలా వచ్చింది

1934లో మెషిన్ గన్లను నిషేధించకుండా పన్ను ఎందుకు వేశారు?

మద్యనిషేధ కాలంలో ముఠాలు థాంప్సన్ సబ్‌మెషిన్ గన్లతో నగరాలను వణికించాయి. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని కాల్చి చంపిన ఘటన దేశాన్ని కుదిపేసింది. కానీ తుపాకులను నేరుగా నిషేధించే అధికారం రాజ్యాంగం ప్రకారం తనకు ఉందో లేదోనన్న అనుమానం అప్పటి కేంద్ర ప్రభుత్వానికి ఉండేది. పన్ను వేసే అధికారం మీద మాత్రం అనుమానం లేదు. అందుకని అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ హయాంలో ఈ దారి ఎంచుకున్నారు: ప్రతి మెషిన్ గన్ చేతులు మారినప్పుడు 200 డాలర్ల పన్ను, ప్రభుత్వం దగ్గర నమోదు.

ఆ రోజుల్లో థాంప్సన్ తుపాకీ ధరే దాదాపు అంత. అంటే పన్ను పేరుతో ధరను రెండింతలు చేశారు. సుప్రీంకోర్టు 1937లో సొంజిన్‌స్కీ కేసులో ఇది పన్ను అధికారంలోకి వస్తుందని ఒప్పుకుంది.

1934 చట్టంలో "సెమీ ఆటోమేటిక్‌గా" అన్న మాట కూడా ఉండేదట, నిజమేనా?

నిజం. ఈ విషయం తెలిసినవాళ్లు తక్కువ. మొదట ప్రవేశపెట్టిన బిల్లులో, మళ్ళీ నింపకుండా పన్నెండు లేదా అంతకుమించి తూటాలను ఆటోమేటిక్‌గా గానీ సెమీ ఆటోమేటిక్‌గా గానీ పేల్చేదంతా మెషిన్ గనే. ఆ బిల్లు అలాగే చట్టమై ఉంటే ఇవాళ దుకాణాల్లో అమ్ముడయ్యే రైఫిళ్లలో ఎన్నో ఆ గీతకు అవతల పడేవి. కాంగ్రెస్ విచారణలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ దీన్ని వ్యతిరేకించి, తూటాల లెక్క వదిలేసి ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేయడాన్నే ఆధారంగా తీసుకోవాలని వాదించారు. చివరి చట్టం ఆ దారి పట్టింది.

చివరి పాఠంలోనూ "ఆటోమేటిక్‌గా లేదా సెమీ ఆటోమేటిక్‌గా" అని ఉండేది. కానీ పక్కనే ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి అన్న షరతు ఉంది. సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఆ షరతును ఎలాగూ అందుకోదు కాబట్టి ఆ మాట ఊరికే ఉండిపోయింది. 1968లో తీసేశారు. తొంభై ఏళ్ల కిందటి ఒక విచారణ గదిలో పన్నెండు అనే అంకె పోయి ట్రిగ్గర్ వచ్చింది, ఇప్పటి వాదనలన్నిటికీ మూలం అక్కడుంది.

1968లో మారిందేమిటి?

ఆ ఏడాది జనవరిలో హేన్స్ కేసులో సుప్రీంకోర్టు, నమోదు చేయించని ఆయుధం ఉందని చెప్పుకోమనడం మనిషిని తన మీద తానే సాక్ష్యం చెప్పమనడమే అంది. దాంతో పాత నమోదు పద్ధతి కుప్పకూలింది. కాంగ్రెస్ గన్ కంట్రోల్ యాక్ట్‌లో దాన్ని మళ్ళీ కట్టింది. నిర్వచనంలోకి రిసీవర్‌నూ, మార్పిడి భాగాలనూ చేర్చింది. 1968 నవంబరు 2 నుంచి డిసెంబరు 1 వరకు, అప్పటిదాకా నమోదు కాని ఆయుధాలను శిక్ష భయం లేకుండా నమోదు చేసుకునే గడువు ఇచ్చింది.

1986 మే 19 అన్న తేదీ ఎందుకు పదేపదే వినిపిస్తుంది?

ఆ రోజు అధ్యక్షుడు రీగన్ ఫైర్‌ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ మీద సంతకం చేశారు. పేరుకు తగ్గట్టే అది ఎక్కువగా తుపాకీ యజమానులకు అనుకూలమైన చట్టం. కానీ న్యూజెర్సీ ప్రతినిధి విలియం హ్యూస్ ప్రతిపాదించిన ఒక సవరణ అందులో చేరింది: ఆ తేదీ నాటికి చట్టబద్ధంగా పౌరుల దగ్గర ఉన్న మెషిన్ గన్లు తప్ప, కొత్తవి పౌరుల చేతికి వెళ్ళకూడదు. పోలీసులకూ సైన్యానికీ మినహాయింపు. 1934లో పన్నుతో మొదలైన కథ యాభై రెండేళ్ల తర్వాత దాదాపు నిషేధంగా మారింది.

## కొనేముందు అడిగేవి

అమెరికాలో మామూలు పౌరుడు మెషిన్ గన్ కొనుక్కోవచ్చా?

ఫెడరల్ చట్టం ప్రకారం ఒకే ఒక్క ద్వారం తెరిచి ఉంది. 1986 మే 19కి ముందే చట్టబద్ధంగా నమోదైన తుపాకీ అయి ఉండాలి, మీ రాష్ట్రం ఒప్పుకోవాలి. అప్పుడు వేలిముద్రలు, ఫొటోలు, దరఖాస్తు, 200 డాలర్ల పన్ను కట్టి, తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి వచ్చేదాకా ఆగాలి. స్థానిక పోలీసు అధికారికి కూడా సమాచారం పంపాలి. అనుమతి రాకముందు చేతిలోకి తీసుకోవడమే నేరం. ఉన్న సంఖ్య పెరిగే వీలు లేదు కాబట్టి ధరలు పదివేల డాలర్లు దాటి ఎక్కడో ఉంటాయి. కొన్ని రాష్ట్రాల్లో ఈ ద్వారం కూడా మూసే ఉంది.

మరి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనాలంటే?

ఫెడరల్ చట్టానికి అది మామూలు రైఫిలే. లైసెన్సు ఉన్న దుకాణంలో 4473 ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ జరగాలి, వయసు 18 నిండాలి. 21 ఏళ్లలోపు వారికి 2022 చట్టం అదనపు తనిఖీ పెట్టింది. ఫెడరల్ స్థాయిలో నమోదు లేదు, ప్రత్యేక పన్ను లేదు. కానీ కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మేరీలాండ్, ఇల్లినాయిస్, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో ఏఆర్-15 లాంటివాటిలో చాలా రకాల అమ్మకం నిషిద్ధం. ఒక రాష్ట్రంలో నిక్షేపంలా కొన్న తుపాకీతో సరిహద్దు దాటగానే నేరస్థులు కావచ్చు.

నేను హెచ్1బీ వీసా మీద ఉన్నాను, సెమీ ఆటోమేటిక్ అయితే ఫర్వాలేదా?

ఇక్కడ రైఫిల్ రకం లెక్కలోకే రాదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసా మీద వచ్చినవారు ఏ తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. మినహాయింపులు కొన్నే. వాటిలో ఎక్కువమంది వాడుకునేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. స్నేహితుడితో షూటింగ్ రేంజికి వెళ్ళి అద్దె తుపాకీ చేత పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు, వీసా సంగతి చెప్పనక్కర్లేదు.

బ్యారెల్ పొట్టిగా ఉన్న రైఫిల్ కూడా మెషిన్ గన్ కిందికే వస్తుందా?

రాదు, కానీ అదే 1934 చట్టం కింద ఇంకో వర్గంగా నమోదవుతుంది. బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, 16 అంగుళాలకంటే తక్కువున్నా, మొత్తం పొడవు 26 అంగుళాలకంటే తక్కువున్నా అది పొట్టి రైఫిల్. సెమీ ఆటోమేటిక్ అయినా సరే ముందే అనుమతి తీసుకోవాలి. మెషిన్ గన్‌తో తేడా ఏమిటంటే, కొత్తగా తయారైనదాన్ని కూడా పౌరుడు నమోదు చేయించుకోవచ్చు.

2026 నుంచి 200 డాలర్ల పన్ను ఎత్తేశారని విన్నాను, మెషిన్ గన్‌కు కూడానా?

లేదు. 2025లో వచ్చిన చట్టం 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లు, పొట్టి రైఫిళ్లు, పొట్టి షాట్‌గన్ల వంటివాటికి పన్నును సున్నా చేసింది. నమోదు, అనుమతి తీసేయలేదు. మెషిన్ గన్లకూ, గ్రెనేడ్లు, బాంబుల వంటి విధ్వంసక ఆయుధాల వర్గానికీ 200 డాలర్లు అలాగే ఉంది.

మావారి తాతగారు యుద్ధం నుంచి తెచ్చుకున్న మెషిన్ గన్ ఒకటి అటకమీద దొరికింది. ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చా?

ముందు కాగితాల కోసం వెతకండి. ఆయన అప్పట్లో నమోదు చేయించి ఉంటే, వారసత్వంగా పన్ను లేకుండానే మీ పేరుకు మార్చుకునే దరఖాస్తు ఉంది. నమోదు కాలేదంటే ఇప్పుడు చేయించే మార్గం లేదు. 1968 నాటి గడువు మళ్ళీ రాలేదు. తుప్పు పట్టినా, పనిచేయకపోయినా దాన్ని కారులో వేసుకుని తిరగొద్దు, విడదీసి అమ్మొద్దు. లాయరు ద్వారా ఏటీఎఫ్‌కో స్థానిక పోలీసులకో అప్పగించే ఏర్పాటు చేసుకోవడమే క్షేమం. కుటుంబ జ్ఞాపకం పోతుందన్న బాధ నాకర్థమవుతుంది, కానీ దాన్ని ఇంట్లో ఉంచుకున్నంతకాలం నేరం కొనసాగుతూనే ఉంటుంది.

## విడి భాగాలు, కొత్త పరికరాలు

వేలెడంత ముక్కను మెషిన్ గన్ అని ఎలా అంటారు?

1968 నుంచి నిర్వచనం మార్పిడి భాగాల కూర్పును, 1986 నుంచి ఒక్క విడి భాగాన్ని కూడా కలుపుకుంది కాబట్టి. సెమీ ఆటోమేటిక్ తుపాకీని ఆటోమేటిక్‌గా మార్చడానికి మాత్రమే చేసిన భాగం, ఏ తుపాకీకీ తగిలించకుండా డ్రాయర్‌లో ఉన్నా, చట్టానికి అది మెషిన్ గన్. గ్లాక్ స్విచ్ అని జనం పిలిచే పరికరాలు ఇలాంటివే. తుపాకీ లేకుండా ఆ ముక్క ఒక్కటే కొన్నందుకు యువకులు ఫెడరల్ జైళ్లకు వెళ్తున్నారు. ఇంటర్నెట్‌లో సామాన్యమైన వస్తువు పేరుతో, అతి తక్కువ ధరకు కనిపించినా నమ్మొద్దు. ఇంట్లో ప్రింటర్ మీద చేసుకున్నా నేరం అదే.

బంప్ స్టాక్‌ను మెషిన్ గన్ అన్నారు, తర్వాత కాదన్నారు. అసలేం జరిగింది?

ఈ ప్రశ్నకు కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి. బంప్ స్టాక్ అంటే రైఫిల్ వెనుకకట్ట బదులు అమర్చే జారుడు కట్ట. పేలిన ఊపుకు తుపాకీ ఆ కట్టలో వెనక్కి జారుతుంది, కాల్చేవాడు ముందుచేత్తో దాన్ని ముందుకు నెడుతూ ఉంటాడు, వేలు ఒకేచోట నిలిచి ఉంటే ట్రిగ్గర్ వచ్చి పదేపదే దానికి తగులుతుంది. ఒక్కో తూటాకు ట్రిగ్గర్ ఒక్కోసారి పనిచేస్తుంది గానీ, వినేవాళ్ల చెవికి అది మెషిన్ గన్ మోతే.

2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో ఒక హోటల్ కిటికీల్లోంచి సంగీతోత్సవం మీద కాల్పులు జరిపిన వ్యక్తి ఈ కట్టలు అమర్చిన రైఫిళ్లు వాడాడు. దాదాపు పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు. ఆ రాత్రి ప్రాణాలు కోల్పోయింది 58 మంది, గాయాలతో తర్వాత చనిపోయినవారితో 60. అంతకుముందు చాలా బంప్ స్టాకులను మెషిన్ గన్లు కావని చెబుతూ వచ్చిన ఏటీఎఫ్, 2018 డిసెంబరులో నియమం మార్చింది. 2019 మార్చి 26 నుంచి వాటిని ధ్వంసం చేయాలి లేదా అప్పగించాలి.

టెక్సాస్‌లో తుపాకీ దుకాణం నడిపే మైకేల్ కార్గిల్ తన బంప్ స్టాకులు రెండు అప్పగించి కోర్టుకెక్కారు. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6-3తో ఆయన పక్షాన తీర్పిచ్చింది. మెజారిటీ తరఫున జస్టిస్ థామస్ చెప్పింది ఇదీ: ప్రతి తూటాకూ ట్రిగ్గర్ వెనక్కి వచ్చి మళ్ళీ పనిచేస్తోంది, పైగా ముందుచేయి ఒత్తిడి కూడా ఉండాలి, కాబట్టి అది ఒక్క క్రియా కాదు, ఆటోమేటిక్కూ కాదు. జస్టిస్ సొటొమేయర్ అసమ్మతి తీర్పులో వేలు కదపకుండా తూటాల వర్షం కురుస్తుంటే ట్రిగ్గర్ లోపలి కదలికలు లెక్కపెట్టడమేమిటని నిలదీశారు. జస్టిస్ అలిటో విడిగా రాస్తూ, లాస్ వేగాస్ ఘటన చట్టం మార్చాల్సిన అవసరాన్ని చూపింది, మార్చాల్సింది కాంగ్రెస్ అన్నారు.

నా మట్టుకు, చట్టంలో ఉన్న మాటలను చదివితే మెజారిటీ వాదన నిలుస్తుంది. ఆ రాత్రి ఆ మైదానంలో ఉన్నవాళ్లను తలచుకుంటే అసమ్మతి తీర్పు గుండెకు తగులుతుంది. చట్టసభ చేయాల్సిన పని అధికారుల నియమంతో జరిపించబోతే ఇలాగే అవుతుంది.

అయితే బంప్ స్టాక్ ఇప్పుడు ఎక్కడైనా కొనుక్కోవచ్చా?

ఎక్కడైనా కాదు. సుప్రీంకోర్టు కొట్టేసింది ఫెడరల్ నియమాన్ని మాత్రమే. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, నెవాడా వంటి అనేక రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో వాటిని నిషేధించాయి, అవి అమల్లోనే ఉన్నాయి.

ఫోర్స్డ్ రీసెట్ ట్రిగ్గర్ సంగతేమిటి?

పేలిన ప్రతిసారీ ట్రిగ్గర్‌ను బలవంతంగా ముందుకు తోసి, వేలి ఒత్తిడితో వెంటనే మళ్ళీ పేలేలా చేసే అమరిక ఇది. ఏటీఎఫ్ కొన్నిటిని మెషిన్ గన్లు అంది. 2024లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కాదంది. 2025 మేలో న్యాయశాఖ తయారీదారుతో రాజీ కుదుర్చుకుని కేసులు ముగించింది. అంతమాత్రాన రాష్ట్రాలు ఊరుకుంటాయని కాదు. ఇది ఇంకా కదులుతున్న నేల, కొనేముందు మీ రాష్ట్ర చట్టం ఆ వారం ఏమంటోందో చూసుకోండి.

నొక్కినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి పేలే ట్రిగ్గర్ అయితే?

దాన్ని బైనరీ ట్రిగ్గర్ అంటారు. లాగడం ఒక క్రియ, వదలడం ఇంకో క్రియ, ఒక్కోదానికి ఒక్కటే పేలుతుంది. అందుకని ఫెడరల్ నిర్వచనంలో మెషిన్ గన్ కాదు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం నిషిద్ధం.

## కేసు దాకా వెళితే

నాకు తెలియకుండానే నా రైఫిల్ ఆటోమేటిక్ అయి ఉంటే నేను నేరస్థుణ్ణేనా?

తుపాకీకి ఆ గుణం ఉందని మీకు తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలి. 1994లో స్టేపుల్స్ కేసులో సుప్రీంకోర్టు 7-2తో ఇచ్చిన తీర్పు ఇది. ఓక్లహోమాకు చెందిన స్టేపుల్స్ దగ్గర దొరికిన ఏఆర్-15లో ఎం16 భాగాలు కొన్ని ఉన్నాయి. అధికారుల పరీక్షలో అది ఆటోమేటిక్‌గా పేలింది. తన చేతిలో అది ఎప్పుడూ అలా పేలలేదని ఆయన వాదన. అమెరికాలో తుపాకీ ఉండటం మామూలు విషయం, దాని లోపల ఏముందో తెలియని మనిషిని పదేళ్లు జైల్లో పెట్టడం కాంగ్రెస్ ఉద్దేశం కాదని కోర్టు అంది.

అయితే "తెలియదు" అంటే సరిపోదు. మీ మెసేజులు, మీరు కొన్న భాగాలు, రేంజిలో మీతో ఉన్నవాళ్ల మాటలు కలిపి జ్యూరీ మీకు తెలుసని తేల్చవచ్చు. చట్టం తెలియదన్న వాదన అసలే చెల్లదు. తెలియాల్సింది తుపాకీ గుణం, సెక్షను నంబరు కాదు.

అరిగిపోయి ఒక్క నొక్కుకు రెండు తూటాలు పేలాయి. ఏం చేయాలి?

కాల్చడం వెంటనే ఆపండి. తూటాలు తీసేసి, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు చూపించి బాగుచేయించండి, రసీదు దాచుకోండి. అనుకోని లోపం మాత్రమే అయితే మీ దగ్గర మంచి వాదన ఉంది. కానీ తెలిసీ అలాగే వాడినా, ఇంకొకరికి ఇచ్చినా ఆ వాదన పోతుంది. విస్కాన్సిన్‌లో ఒక వ్యక్తి తన ఏఆర్-15ను ఇంకొకరికి అరువిచ్చాడు, అది రేంజిలో వరుసగా పేలి మధ్యలో ఇరుక్కుపోయింది. అది లోపమేనని అతను ఎంత వాదించినా జ్యూరీ నమ్మలేదు. ముప్పై నెలల శిక్ష పడింది, 2009లో అప్పీలు కోర్టు సమర్థించింది. మధ్యలో ఇరుక్కుపోవడం వల్ల ఆటోమేటిక్ కాకుండా పోదని ఆ కోర్టు అంది.

శిక్ష ఎంత దాకా ఉంటుంది?

చట్టవిరుద్ధంగా మెషిన్ గన్ దగ్గర ఉంచుకుంటే పదేళ్ల దాకా. మాదకద్రవ్యాల వ్యాపారంలోనో హింసాత్మక నేరంలోనో మెషిన్ గన్ వాడితే కనీస శిక్షే ముప్పై ఏళ్లు, అదీ అసలు నేరానికి పడే శిక్షకు అదనంగా. అదే నేరంలో మామూలు తుపాకీ దగ్గర ఉంటే కనీసం ఐదేళ్లు. తేడా ఇంత పెద్దది కాబట్టే, తుపాకీ మెషిన్ గనా కాదా అన్నది జడ్జి తేల్చే చిన్న వివరం కాదు, జ్యూరీ ముందు సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన అంశం అని 2010లో ఓబ్రయన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆయుధాల హక్కు ఇచ్చిన రెండో సవరణ మెషిన్ గన్‌ను కాపాడదా?

ఇంతవరకు సుప్రీంకోర్టు కాపాడుతుందని అనలేదు. 2008లో హెల్లర్ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, వ్యక్తికి తుపాకీ హక్కు ఉందంటూనే, చట్టాన్ని పాటించే పౌరులు సాధారణంగా దగ్గర ఉంచుకునే ఆయుధాలకే ఆ రక్షణ అన్నారు. ఎం16 లాంటివి నిషేధించవచ్చన్న మాట కూడా ఆ తీర్పులోనే కనిపిస్తుంది. మెషిన్ గన్లు పౌరుల దగ్గర అరుదుగా ఉండటానికి చట్టమే కారణం కదా, ఆ అరుదుదనాన్నే చూపి నిషేధించవచ్చనడం న్యాయమా అని తుపాకీ హక్కులవాళ్లు అడుగుతారు. అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు.

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల పోరు వేరే. అవి లక్షల ఇళ్లలో ఉన్నాయి. మేరీలాండ్ నిషేధాన్ని 2024లో అప్పీలు కోర్టు సమర్థించింది, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. ఏఆర్-15 ప్రశ్నను కోర్టు రానున్న ఒకటి రెండేళ్లలో చేపట్టాలని జస్టిస్ కావనా ఆ సందర్భంగా రాశారు.